జీనోముల ఆధారంగా కొత్త యాంటీబయాటిక్‌ల అన్వేషణ

మందులకు లొంగని బాక్టీరియాను చంపగల ఔషధాల కోసం సూక్ష్మజీవుల జీనోములను చదివి వెదకే పద్ధతులన్నిటినీ కలిపి జీనోముల ఆధారిత ఔషధాన్వేషణ అంటారు. జీనోము అనగా ఒక జీవి కణంలో ఉన్న డీఎన్ఏ మొత్తం. ఆ జీవికి కావలసిన ప్రోటీనుల తయారీ వివరాలు ఇందులో జన్యువుల రూపంలో ఉంటాయి. ఈ అన్వేషణ రెండు వైపుల నుండి సాగుతుంది. రోగకారక బాక్టీరియా జీనోమును చదివి, దాని ప్రాణం ఏ జన్యువు మీద ఆధారపడి ఉన్నదో కనిపెట్టి, అక్కడ దెబ్బ తీయడం మొదటిది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నదని తెలుసుకోవడం వంటిదే ఇది. మట్టిలో బ్రతికే సూక్ష్మజీవుల జీనోములలో దాగి ఉన్న మందుల తయారీ జన్యువులను వెలికితీయడం రెండవది. మొదటి దారి మీద పెట్టుకున్న ఆశలు చాలావరకు నెరవేరలేదు. రెండవ దారి, మొదట అనుకోని మరొక ఉపయోగం, ఎక్కువ ఫలితాన్ని ఇచ్చాయి.

నేపథ్యం

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించిన తరువాత వచ్చిన యాంటీబయాటిక్‌లలో అధిక భాగం మట్టిలోని సూక్ష్మజీవుల నుండే లభించాయి. 1943లో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. క్షయపై పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ ఇదే. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, ఆయన బృందంలోని బెంజమిన్ డుగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టి నుండి వచ్చిన ఒక స్ట్రెప్టోమైసిస్ జాతిలో ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ వర్గానికి మొదటిదైన ఈ మందు సుబ్బారావు మరణించిన 1948లోనే వాడుకలోకి వచ్చింది.

అప్పటి పద్ధతి చాలా సరళమైనది. మట్టిని తెచ్చి, అందులోని జీవులను పళ్ళెంలో పెంచి, వాటి స్రావాలు రోగకారక బాక్టీరియాను చంపుతాయో లేదో చూసేవారు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఎక్కడి మట్టిని తెచ్చినా పాత మందులే మళ్ళీ మళ్ళీ దొరకసాగాయి. 1960ల తరువాత వచ్చిన యాంటీబయాటిక్‌లలో ఎక్కువ భాగం పాత అణువులకు చిన్న మార్పులు చేసి తయారుచేసినవే.

ఈలోగా బాక్టీరియా ఊరుకోలేదు. మందును ముక్కలు చేసే ఎంజైములను తయారుచేయడం, లోపలికి వచ్చిన మందును పంపులతో బయటకు తోడివేయడం, మందు అతుక్కునే చోటును మార్చుకోవడం ద్వారా అవి నిరోధకతను సంపాదించాయి. ఈ నేర్పు పిల్ల కణాలకే గాక, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా పక్క జాతులకు కూడా చేరుతుంది. చివరి ఆయుధాలుగా దాచుకున్న కార్బపెనెమ్ మందులను నాశనం చేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమును 2008లో భారతదేశంలో చికిత్స పొంది స్వీడనుకు వెళ్ళిన ఒక రోగిలో గుర్తించారు. ఆ పేరులో కొత్త ఢిల్లీని చేర్చడంపై భారతదేశంలో నిరసన వ్యక్తమైంది. 2015లో చైనాలో కోలిస్టిన్ అనే మరో చివరి మందుకు నిరోధకతనిచ్చే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్‌లపై కనిపించింది. 2019 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా ప్రత్యక్ష కారణమని లాన్సెట్ పత్రికలో 2022లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది.

మొదటి జీనోములు

స్వతంత్రంగా జీవించే ఒక జీవి జీనోమును పూర్తిగా చదవడం మొదటిసారిగా 1995లో జరిగింది. క్రెయిగ్ వెంటర్, హామిల్టన్ స్మిత్ తదితరులు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియం డీఎన్ఏలోని సుమారు 18 లక్షల 30 వేల క్షారాల జతలను వరుసగా చదివారు. (పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా ఆ జబ్బుకు కారణం ఈ బాక్టీరియం కాదు, ఒక వైరస్. వైరస్‌ల సంగతి తెలియని రోజులలో పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది.) 1998లో స్టీవర్ట్ కోల్ బృందం క్షయ బాక్టీరియం జీనోమును ప్రచురించింది. ఇందులో సుమారు 44 లక్షల క్షారాల జతలు, 4,000 వరకు జన్యువులు ఉన్నాయి. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ప్రధానమైన రోగకారక బాక్టీరియా అన్నిటి జీనోములు అందుబాటులోకి వచ్చాయి.

ఆవశ్యక జన్యువుల వేట

అప్పటివరకు వాడుకలో ఉన్న యాంటీబయాటిక్‌లన్నీ బాక్టీరియాలో చాలా కొద్ది చోట్ల మాత్రమే పనిచేసేవి: కణకవచం తయారీ, ప్రోటీనులను తయారుచేసే రైబోసోము, డీఎన్ఏను విప్పి చుట్టే ఎంజైములు, ఫోలిక్ ఆమ్లం తయారీ వంటివి. వేలాది జన్యువులు కళ్ళెదుట ఉన్నప్పుడు ఇన్ని తక్కువ లక్ష్యాలతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదని శాస్త్రవేత్తలు తలచారు. ఒక జన్యువు మంచి లక్ష్యం కావాలంటే అది లేనిదే బాక్టీరియం బ్రతకకూడదు. పలు రోగకారక జాతులలో ఉండాలి. మనిషి కణాలలో ఉండకూడదు, లేదా బాగా భిన్నంగా ఉండాలి. రెండవ, మూడవ షరతులను కంప్యూటరుతో పోల్చి చూడవచ్చు.

మొదటి షరతుకు ప్రయోగం కావాలి. ట్రాన్స్‌పోజాన్ అనే గెంతే డీఎన్ఏ ముక్కను లక్షలాది కణాలలోకి పంపితే అది ఒక్కొక్క కణంలో ఒక్కొక్క చోట దూరి, అక్కడి జన్యువును పాడుచేస్తుంది. కొన్నాళ్ళు పెంచిన తరువాత బ్రతికి ఉన్న కణాలను పరిశీలిస్తే, ఏ జన్యువులలో ఆ ముక్క అసలు కనబడదో అవే ఆవశ్యక జన్యువులు. వాటిలో అది దూరిన కణాలు చచ్చిపోయి లెక్కలోకి రావు. ఈ పద్ధతితో 2003లో క్రిస్టఫర్ ససెట్టి, ఎరిక్ రూబిన్ తదితరులు క్షయ బాక్టీరియం పెరుగుదలకు 614 జన్యువులు అవసరమని చూపారు.

ఆవశ్యక జన్యువు దొరికిన తరువాత దాని ప్రోటీనును శుద్ధిచేసి, కంపెనీల గిడ్డంగులలోని లక్షల రసాయనాలను యంత్రాల సహాయంతో ఒక్కొక్కటిగా దానిపై పరీక్షిస్తారు. ఆ ప్రోటీను పనిని ఆపగలిగిన రసాయనాన్ని మందుగా తీర్చిదిద్దుతారు. కాగితం మీద ఈ పథకంలో లోపమేమీ కనిపించలేదు.

ఆశాభంగం

గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ 1995 నుండి 2001 వరకు ఈ పద్ధతిలో చేసిన ప్రయత్నాన్ని డేవిడ్ పేన్, ఆయన సహచరులు 2007లో దాపరికం లేకుండా ప్రచురించారు. వారు 300కు పైగా జన్యువులను పరిశీలించారు. మొత్తం 70 సార్లు రసాయనాల గిడ్డంగిని జల్లెడపట్టగా అందులో 67 సార్లు ఎంచుకున్న లక్ష్యాలపైనే పరీక్షించారు. ఆ లక్ష్యాల పరీక్షలలో ఆశ కల్పించే రసాయనాలు దొరికినవి 16. మందుగా అభివృద్ధి చేయదగిన స్థాయికి చేరినవి అయిదే. ఇతర కంపెనీల అనుభవం కూడా దీనికి పెద్దగా భిన్నంగా లేదు. పలు పెద్ద కంపెనీలు ఆ తరువాత యాంటీబయాటిక్ పరిశోధననే విరమించుకున్నాయి. ఓటమిని ఇంత వివరంగా బయటపెట్టిన కంపెనీలు అరుదు. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు ఆ వ్యాసం విజయగాథలకంటే ఎక్కువ నేర్పుతుంది.

వైఫల్యానికి కారణాలు జీనోములో లేవు, జీనోము చెప్పని విషయాలలో ఉన్నాయి. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు రెండు పొరలు, వాటి నడుమ శక్తివంతమైన పంపులు ఉంటాయి. గాజు నాళికలో శుద్ధమైన ప్రోటీనును ఆపిన రసాయనం ఆ కోటగోడను దాటి లోపలికి పోలేదు. పైగా కంపెనీల గిడ్డంగులలోని రసాయనాలు ఎక్కువగా మనిషి జబ్బులైన రక్తపోటు, మధుమేహం వంటి వాటి కోసం తయారైనవి. యాంటీబయాటిక్‌ల అణువులు వాటికంటే పెద్దవి, నీటిలో ఎక్కువగా కరిగేవి.

రెండవ కారణం, ప్రయోగశాలలో ఆవశ్యకమైనది రోగి శరీరంలో ఆవశ్యకం కాకపోవచ్చు. కొవ్వు ఆమ్లాల తయారీని ఆపితే బాక్టీరియా చస్తుందని భావించి పలువురు ఆ దారిలో వెళ్ళారు. కొన్ని గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలు రక్తంలోని కొవ్వు ఆమ్లాలనే తీసుకొని బ్రతకగలవని 2009లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు చూపడంతో పెద్ద వివాదం చెలరేగింది. అందరికీ ఇది వర్తించదని ఇతరులు వాదించారు. 2010లో వెలువడిన మరొక అధ్యయనంలో క్షయ బాక్టీరియాను పళ్ళెంలో చక్కగా చంపిన ఒక రసాయన వర్గం ఎలుకలలో ఏమాత్రం పనిచేయలేదు. విచారిస్తే, ప్రయోగశాలలో బాక్టీరియాకు ఆహారంగా వేసే గ్లిసరాల్ ఉన్నప్పుడు మాత్రమే ఆ రసాయనం దానిని చంపుతుందని తేలింది. ఎలుక ఊపిరితిత్తులలో క్షయ బాక్టీరియా గ్లిసరాల్ మీద ఆధారపడి బ్రతకడం లేదు.

మూడవ కారణం ఒకే జన్యువుపై గురిపెట్టడంలోనే ఉంది. ఒక్క ప్రోటీనును మాత్రమే అడ్డుకునే మందుకు ఒక్క ఉత్పరివర్తనంతో నిరోధకత రావచ్చు. దీర్ఘకాలం నిలిచిన పాత మందులను చూస్తే అవి ఒకే జన్యువు ఫలితంపై పనిచేసేవి కావు. పెన్సిలిన్ ఒకేసారి పలు ఎంజైములకు అతుక్కుంటుంది. వాంకోమైసిన్ అతుక్కునేది ప్రోటీనుకు కాదు, లిపిడ్-2 అనే కణకవచపు ముడిపదార్థానికి. జీనోములో ఎంత వెదకినా లిపిడ్-2కు సూటిగా ఒక జన్యువంటూ ఉండదు.

దీనికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ (సీసీఎంబీ) నుండి ఉన్నది. బాక్టీరియా పెరగాలంటే కణకవచపు వలలోని ముడులను ముందు కత్తిరించి, కొత్త పోగులను చేర్చాలి. ఈ. కోలైలో ఆ పని మూడు ఎంజైములు చేస్తాయని, ఏ ఒక్కదానిని తీసివేసినా బాక్టీరియం బ్రతుకుతుందని, మూడూ లేకపోతే చస్తుందని మంజులా రెడ్డి బృందం 2012లో చూపింది. ఒక్కొక్క జన్యువును పాడుచేసి చూసే వేటలో ఈ మూడింటిలో ఏదీ ఆవశ్యక జన్యువుగా కనిపించదు. కణకవచంపై చేసిన పరిశోధనలకు ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

ఈ రెండు పద్ధతులనూ కలిపిన ప్రయత్నం ఒకటి చెప్పుకోదగినది. మెర్క్ కంపెనీ స్టెఫిలోకోకస్ ఆరియస్‌లో ఒక లక్ష్య ప్రోటీను పరిమాణాన్ని కృత్రిమంగా తగ్గించి, ఆ ప్రోటీనును అడ్డుకునే మందు అతి స్వల్పంగా ఉన్నా పట్టుబడేటట్లు చేసింది. రెండున్నర లక్షల సహజ పదార్థాలను అలా పరీక్షించి 2006లో దక్షిణాఫ్రికా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుండి ప్లాటెన్సిమైసిన్‌ను ప్రకటించింది. కానీ అది శరీరం నుండి త్వరగా బయటకు పోయేది. మందుగా రాలేదు.

బెడాక్విలిన్ కథ

జీనోములు తమ నిజమైన ఉపయోగాన్ని చూపింది వేటకు ముందు కాదు, తరువాత. దీనికి బెడాక్విలిన్ చక్కని నిదర్శనం. బెల్జియంలో జాన్సన్ అండ్ జాన్సన్ వారి పరిశోధనశాలలో కోయెన్ ఆండ్రీస్ బృందం ఏ లక్ష్యాన్నీ ఎంచుకోకుండా పాత పద్ధతిలోనే రసాయనాలను బ్రతికి ఉన్న బాక్టీరియాపై పరీక్షించింది. క్షయ బాక్టీరియం ఒకసారి విభజన చెందడానికి సుమారు 20 గంటలు పడుతుంది, పైగా ప్రమాదకరమైనది. అందువల్ల దానికి బంధువైన, మూడు నాలుగు గంటలలో విభజన చెందే మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్‌ను వాడారు. డైఅరైల్‌క్వినొలిన్ వర్గానికి చెందిన ఒక రసాయనం దానినీ, ఆపై క్షయ బాక్టీరియానూ కూడా చంపింది. ఎలా చంపుతున్నదో మాత్రం తెలియలేదు.

అప్పుడు జీనోము అక్కరకు వచ్చింది. ఆ మందు ఉన్నా బ్రతికిన అరుదైన బాక్టీరియా కణాలను ఏరి పెంచి, వాటి జీనోములను చదివి, మందుకు లొంగే తల్లి జాతి జీనోములతో అక్షరమక్షరం పోల్చారు. లక్షల అక్షరాల మధ్య తేడా ఏటీపీఈ అనే జన్యువులో దొరికింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే తిరుగుడు యంత్రంలో ఇది ఒక భాగం. శత్రువు ఎక్కడ మార్పు చేసుకొని తప్పించుకున్నదో తెలిస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసినట్లే. ఈ ఫలితాలను 2005లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఏటీపీ తయారుచేసే ఇటువంటి యంత్రం మనిషి కణాలలోనూ ఉంటుంది. కాబట్టి లక్ష్యాల జాబితా ముందుగా వేసుకొని వెదికే వారెవరైనా దీనిని మొదటే కొట్టివేసి ఉండేవారు. తీరా చూస్తే మనిషి కణాలలోని యంత్రంపై ఈ మందు ప్రభావం 20,000 రెట్లు తక్కువని 2009లో తేలింది.

2012 డిసెంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ బెడాక్విలిన్‌ను ఆమోదించింది. కొత్త విధానంలో పనిచేసే క్షయ మందు రావడం 40 సంవత్సరాలలో అదే ప్రథమం. అంతకు ముందు మొండి క్షయకు రెండేళ్ళ వరకు చికిత్స ఉండేది. అందులో వాడే ఇంజెక్షన్ల వల్ల పలువురు వినికిడి కోల్పోయేవారు. బెడాక్విలిన్‌తో పాటు ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్ససిన్ మాత్రలను కలిపి ఆరు నెలలలో ముగించే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. భారతదేశం 2024లో దానిని ఆమోదించింది. బెడాక్విలిన్ గుండె లయపై ప్రభావం చూపగలదు గనుక ఈసీజీ తీస్తూ వాడవలసి ఉంటుంది.

భారతదేశంలో ఈ మందు 2016లో ఆరు కేంద్రాలలో పరిమితంగా ప్రారంభమైంది. దీని పేటెంటు గడువును 2023 నుండి 2027 వరకు పొడిగించే విధంగా కంపెనీ పెట్టుకున్న దరఖాస్తును క్షయ మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్న ఇద్దరు మహిళలు సవాలు చేశారు. వారిలో ఒకరు భారతీయురాలు, మరొకరు దక్షిణాఫ్రికా దేశస్థురాలు. భారత పేటెంటు కార్యాలయం 2023 మార్చిలో దరఖాస్తును తిరస్కరించింది. జూలైలో మూల పేటెంటు ముగియడంతో ఇతర కంపెనీలు ఈ మందును తయారుచేయడానికి వీలు కలిగింది.

బాక్టీరియా దీనికి కూడా దారి వెదుకుతూనే ఉన్నది. లక్ష్యాన్ని మార్చుకోవడం కష్టమైన చోట, ఆర్‌వీ0678 అనే జన్యువు చెడి, మందును తోడివేసే పంపులు పెరిగిన క్షయ బాక్టీరియాను రోగులలో గుర్తించారు. దీనిని గుర్తించడానికి కూడా జీనోము చదవడమే ఉత్తమమైన మార్గం.

మట్టిలో నిద్రిస్తున్న జన్యువులు

2002లో డేవిడ్ హాప్‌వుడ్, స్టీఫెన్ బెంట్లీ తదితరులు స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమును ప్రచురించారు. ఆకాశవర్ణపు యాంటీబయాటిక్‌ను తయారుచేయడం వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. ఈ మట్టి బాక్టీరియంలో 86 లక్షలకు పైగా క్షారాల జతలు, 7,825 జన్యువులు కనిపించాయి. రొట్టెలను పొంగించే ఈస్టులో ఉన్నవాటికంటే ఇవి ఎక్కువ. అర్ధ శతాబ్దంగా శాస్త్రవేత్తలు పెంచుతూ వచ్చిన ఈ జీవి తయారుచేసే యాంటీబయాటిక్‌లు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే తెలుసు. జీనోములో మాత్రం యాంటీబయాటిక్‌ల వంటి పదార్థాలను తయారుచేయగల జన్యు సమూహాలు 20కి పైగా ఉన్నాయి. మిగిలినవి ప్రయోగశాలలో నిద్రపోతూ ఉంటాయి. గనులన్నీ తవ్వి అయిపోయాయనుకున్న చోట నిధిలో అధిక భాగం కదలకుండానే ఉన్నదని అప్పుడు తెలిసింది.

ఈ తయారీ జన్యువులు ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉండటం అన్వేషకులకు కలిసివచ్చిన అంశం. కొన్ని ఎంజైములు కర్మాగారపు వరుసల వలె పనిచేస్తాయి గనుక, జన్యువుల క్రమాన్ని చూసి తయారయ్యే అణువు రూపాన్ని కొంతవరకు ఊహించవచ్చు. దీనికోసం 2011లో వచ్చిన యాంటీస్మాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును విద్యార్థులు కూడా వాడవచ్చు.

మట్టిలోని బాక్టీరియాలో అత్యధిక భాగం పళ్ళెంలో పెరగదు. ఈ అడ్డంకిని రెండు విధాలుగా దాటారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్లావా ఎప్‌స్టీన్, కిమ్ లూయిస్ బృందాలు ఐచిప్ అనే చిన్న పరికరంలో ఒక్కొక్క గదికి ఒక్కొక్క కణాన్ని ఉంచి, దానిని తిరిగి మట్టిలోనే పాతిపెట్టి పెంచాయి. 2015లో ప్రకటించిన టైక్సోబాక్టిన్ అలా దొరికినదే. అది లిపిడ్-2కు అతుక్కుంటుంది. దానికి లొంగని ఉత్పరివర్తనాలు ప్రయోగశాలలో దొరకలేదు. కానీ గ్రామ్ నెగటివ్ బాక్టీరియాపై అది పనిచేయదు.

రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో షాన్ బ్రేడీ బృందం జీవిని పెంచే ప్రసక్తే లేకుండా చేసింది. మట్టి నుండి నేరుగా డీఎన్ఏను తీసి, కావలసిన జన్యు సమూహాన్ని వెదకి, పెంచడానికి వీలైన మరొక స్ట్రెప్టోమైసిస్‌లో ప్రవేశపెట్టారు. 2,000కు పైగా మట్టి నమూనాలను ఇలా పరిశీలించి 2018లో మలాసిడిన్‌లను వెలువరించారు. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకోకస్ సోకిన ఎలుకల పుండ్లను ఇవి నయం చేశాయి. 2022లో అదే బృందం మరొక అడుగు వేసింది. ఒక బాక్టీరియం జీనోమును కంప్యూటరులో చదివి, అది తయారుచేయగల అణువు రూపాన్ని ఊహించి, ఆ అణువును రసాయనశాలలో నేరుగా తయారుచేశారు. సిలాజిసిన్ అని పేరుపెట్టిన ఆ పదార్థం బాక్టీరియాను చంపింది. ఇవేవీ ఇంకా మందుల దుకాణానికి చేరలేదు.

భారతదేశంలో ప్రయత్నాలు

2008లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) అప్పటి అధిపతి సమీర్ బ్రహ్మచారి ఆధ్వర్యంలో ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ అనే పథకం ప్రారంభమైంది. క్షయ మందులను ఎవరి సొత్తూ కాని విధంగా, అంతర్జాలంలో అందరూ కలిసి వెదకాలన్నది దీని ఉద్దేశం. 2010లో దేశం నలుమూలల నుండి విద్యార్థులు పాల్గొని క్షయ బాక్టీరియం జన్యువుల గురించి అప్పటివరకు ప్రచురితమైన సమాచారాన్ని జన్యువు వారీగా తిరిగి క్రోడీకరించారు. మందు వరకు చేరకపోయినా, ఎందరో కళాశాల విద్యార్థులకు జీనోము చదవడం నేర్పిన ఘనత ఈ పథకానికి దక్కుతుంది. మరొక వైపు నిరోధకతను అరికట్టే చర్యగా, పశువులకు, కోళ్ళకు, చేపలకు కోలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది.

కొనేవారి సమస్య

కొత్త మందు దొరకడంతో కథ ముగియదు. కొత్త యాంటీబయాటిక్‌ను వైద్యులు చివరి ఆయుధంగా దాచి ఉంచుతారు, వాడినా కొద్ది రోజులే. నిరోధకతను ఆపడానికి అది అవసరమే, కానీ తయారుచేసిన కంపెనీకి పెట్టుబడి తిరిగి రాదు. అకేయోజెన్ అనే అమెరికా కంపెనీ తయారుచేసిన ప్లాజోమైసిన్‌కు 2018 జూన్‌లో ఆమోదం లభించింది. ఏడాది తిరగకుండానే, 2019 ఏప్రిల్‌లో, ఆ కంపెనీ దివాలా తీసింది. దీనికి విరుగుడుగా బ్రిటన్ 2022లో రెండు యాంటీబయాటిక్‌లకు, ఎన్ని మోతాదులు వాడినా వాడకపోయినా ఏటా ఒక నిర్ణీత మొత్తాన్ని చందా వలె చెల్లించే ఒప్పందాలు కుదుర్చుకున్నది.